మందు లేని మన్యమున మత్తు

భద్రాచలముయొద్ద గంజాయి పట్టుబడెనను వార్త మన పత్రికలలో తఱచు కానవచ్చుచునే యున్నది. సీలేరు, చింతూరు ప్రాంతముల కొండదారులవెంట దిగిన మూటలు గోదావరి దాటి, ఖమ్మము మీదుగా పట్టణములకు పోవుచుండును. త్రోవలో కొన్ని చిక్కును. చిక్కినవాని తూకమును, వెలయును, వాహనముల సంఖ్యయు మఱునాడు అచ్చుపడును. సరకు తూకము మనకు తెలియుచున్నది. మత్తు మితిమీరి తెలివిదప్పి, ఊపిరి నిలిచి, ఏ లెక్కయందును చేరక పోవు మనుష్యుని మాట మాత్రము తెలియుట లేదు.

మేమీ వ్యాసమున దొంగరవాణాను గూర్చి వ్రాయబూనలేదు. దానిని పట్టుటకు రక్షకభటులును, శిక్షించుటకు న్యాయస్థానములును కలవు. ప్రాణముమీదికి వచ్చినవానిని బ్రతికించుట కెవ్వరు కలరనునదియే మా ప్రశ్న. ఇది మన్యమునకు క్రొత్త ప్రశ్న కాదు. నూఱేండ్లకు పూర్వము నల్లమందు రూపమున ఈ యడవి యంచుననే ఇది తలయెత్తినది. నాటి కథ నెఱిగినగాని నేటి కర్తవ్యము బోధపడదు.

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచలు దాటి పోవుకొలది మాగాణి సన్నగిల్లి టేకు, వెదురు అడవులు చిక్కనగును. గోదావరి కావల భద్రాచలము, ఎగువన దుమ్ముగూడెము, చర్ల, దిగువన కూనవరము. అచ్చట శబరి వచ్చి గోదావరిని కలియును. కోయలును, కొండరెడ్లును ఈ సీమకు పూర్వమునుండి నివాసులు. భద్రాచలము 1874 వఱకు మధ్యపరగణాలలో నుండి, ఆ యేట చెన్నరాజధానిలోని గోదావరి మండలమున చేర్చబడినది. నది కీవలి ఖమ్మము నైజాము రాజ్యము. 1959 లో గాని రెండు నొక జిల్లాలో కలియలేదు. కావున చిరకాలము రెండు ప్రభుత్వములకు నడుమ నొక యేరు మాత్రమే యెల్ల. ఒక యొడ్డున నొక ఆబ్కారి చట్టము, వేఱొక యొడ్డున వేఱొకటి. ఇట్టి సరిహద్దున దొంగసరకునకు కొఱత యుండునా?

అయినను నల్లమందు మన్యమున పాతుకొనుటకు సరిహద్దు ముఖ్యకారణము కాదు. ముఖ్యకారణము జ్వరము. మైదానమువారికి మన్యమనగనే చలిజ్వరము జ్ఞప్తికి వచ్చెడిది. అచ్చటికి బదిలీ యైన సర్కారు ఉద్యోగి ఇంటివారు కంటనీరు పెట్టుకొనెడివారు. ఎగువ గోదావరిలో పడవలు నడుపవలయునని దుమ్ముగూడెము ప్రాంతమున ఇంగ్లీషువారు సాగించిన పనులును ఈ జ్వరములచేత మిక్కిలి కుంటువడి, తుదకు 1871 లో విడిచిపెట్టబడినవి. దొరలే నిలువజాలని చోట కోయవాడేమి చేయగలడు? వానికి వైద్యుడు లేడు, వైద్యశాల లేదు. సంతలో చింతపండు, ఇప్పపువ్వు అమ్ముకొని వచ్చిన నాలుగు డబ్బులతో దొరకునది సర్కారు అనుమతిగల దుకాణమందలి నల్లమందు. అది వడకు నణచును, ఒడలినొప్పులు పోగొట్టును, విరేచనములు కట్టును, ఆకలిని మఱపించును. జ్వరము మాత్రము లోపల అట్లే యుండును.

1893 లో బ్రిటిషు ప్రభుత్వమువారు బ్రాసీ ప్రభువు అధ్యక్షతను నల్లమందు విచారణకై యొక రాజసంఘమును నియమించిరి. ఆ సంఘము దేశమెల్ల సాక్ష్యములు పుచ్చుకొని 1895 లో నివేదిక నొసగినది. చెన్నరాజధానిలో నల్లమందు హెచ్చుగా వాడబడు మండలములలో గోదావరి మండల మొకటి యని ఆ కాలపు సర్కారు గ్రంథములే చెప్పుచున్నవి. అయినను నిషేధము వలదని సంఘము తీర్మానించెను. ప్రజలు మితముగనే వాడుచున్నారనియు, జ్వరప్రాంతములయందిది గృహవైద్యమువంటి దనియు కారణములు చూపబడినవి. ఈ వాదమున నొక సత్యము కలదు, ఒక ద్రోహము కలదు. ప్రజలు జ్వరమునకై వాడుచున్నారనుట సత్యము. ఆ జ్వరమునకు తగిన మందు నొసగక, మత్తునే మందని యమ్మి పన్ను పుచ్చుకొనుట ద్రోహము.

ఏలన, తగిన మందు లేకపోలేదు. నీలగిరులలో సర్కారువారే సింకోనా చెట్లను పెంచి క్వినైను తయారు చేయించుచుండిరి. 1897 ఆగస్టు 20 న మన తెలుగుసీమలోని సికింద్రాబాదునందే రొనాల్డు రాసు అను వైద్యుడు దోమకడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. జ్వరమెట్లు వచ్చునో తెలిసినది. దానిని కుదుర్చు ఔషధము రాజధానిలోనే యున్నది. అయినను మన్యమునకు ముందు చేరినది క్వినైను గాదు, నల్లమందు. క్వినైను పంచినచో ఖర్చు, నల్లమందు అమ్మినచో రాబడి. పరాయిపాలన యనగా నేమో తెలియగోరువారికి ఈ యొక్క లెక్క చాలును.

నల్లమందు దేహమున నేమి చేయునో పాఠకులు తెలిసికొనుట యవసరము. గసగసాల కాయను గాట్లు పెట్టగా కాఱు పాలు గట్టిపడినదే నల్లమందు. దానిలోని ముఖ్యసారము మార్ఫీను. దానినుండియే హెరాయిను తయారగును. ట్రమడాల్, ఫెంటనిల్ మొదలగు నేటి బిళ్లలును, సూదిమందులును ఆ కుటుంబములోనివే. ఇవి మెదడులో నొప్పిని తెలుపు స్థానములను మూయును. ఆ మెదడులోనే ఊపిరిని నడుపు స్థానమును కలదు. మోతాదు మించినచో అదియును మందగించును. నిమిషమునకు పండ్రెండు, పదునైదుసారులు పీల్చవలసినవాడు నాలుగైదుసారులు పీల్చును. కనుపాపలు సూదిమొనవలె సన్నగిల్లును, పెదవులు నల్లబడును, గొంతులో గురకవంటి చప్పుడు పుట్టును. ఇంటివారు గాఢనిద్ర యనుకొని దుప్పటి కప్పుదురు. ఆ నిద్రకు మేల్కొనుట లేదు.

ఇంకొక రహస్యము కలదు. దేహము ఈ మత్తునకు క్రమముగా అలవడును. నిన్న మినపగింజంత తిన్నవాడు నేడు సెనగగింజంత కోరును. అది దొరకనినాడు వాంతులు, విరేచనములు, ఎముకలు కొఱుకునట్టి నొప్పులు. కొన్నివారములు మానివేసినచో అలవాటు తగ్గును, ఆశ మాత్రము తగ్గదు. అట్టివాడు చెఱసాలనుండి గాని, చికిత్సాలయమునుండి గాని యింటికి వచ్చి పాత మోతాదునే మరల పుచ్చుకొనిన, అదే వానికి విషమగును. మితిమీరి చనిపోవువారిలో ఇట్లు క్రొత్తగా విడుదలయైనవారు పెక్కురుందురని వైద్యులు చెప్పుచున్నారు. సారాయిని, నిద్రబిళ్లలను దీనితో కలిపినచో అపాయము బహుగుణమగును. పసిబిడ్డలకైనచో ఆవగింజంత యెక్కువైనను చాలును. బొంబాయి మిల్లుకూలీలలో తల్లులు పనికి పోవునపుడు బిడ్డలు ఏడ్వకుండుటకై నల్లమందు గోలీలు మ్రింగించుట ఆనాటి విచారణలలో వెల్లడియైనది. ఆ బిడ్డలలో కొందఱు నిద్రలేవలేదు.

జాతీయోద్యమము ఈ యన్యాయమును చూచి యూరకుండలేదు. నానాజాతి సమితివారు వైద్యావసరములకు పదివేలమందికి సాలునకు ఆఱుశేర్ల నల్లమందు చాలునని నిర్ణయించిరి. హిందూదేశమున పలు పట్టణములును, మండలములును ఈ పరిమితిని ఎన్నో రెట్లు దాటినవని దీనబంధు ఆండ్రూసు లోకమునకు చాటెను. అస్సామున కాంగ్రెసువారు 1924 లో విచారణసంఘము నేర్పఱచి, ఊరూర తిరిగి, మఱుసటి యేట నివేదికను వెలువరించిరి. మన మన్యమునను ఈ భావము లేకపోలేదు. 1879 లో రంప పితూరికి కల్లుపై వేసిన చిగురుపన్ను ముఖ్యకారణములలో నొకటి. ఆ మంట భద్రాచలము తాలూకాలోని రేకపల్లి సీమకును ప్రాకినది. అచ్చట పోడుభూములపై పెంచిన పన్ను దానికి తోడైనది. తరువాత అల్లూరి సీతారామరాజు 1922 లో ఆయుధము పట్టుటకు ముందు గూడెము గూడెమునకు తిరిగి త్రాగుడు మానుడని బోధించెను. తగవులను పంచాయతులలో తీర్చుకొనుడనియు చెప్పెను. మత్తునుండి విడిపించుటయు స్వరాజ్యమున నొక భాగమేయని ఆ వీరుడెఱుగును.

స్వరాజ్యము వచ్చినపిమ్మట 1949 లో అఖిలభారత నల్లమందు సమావేశము పదియేండ్లలో వైద్యేతరమగు వాడుకను తుదముట్టింప నిశ్చయించినది. 1959 నాటికి దుకాణములు మూతపడినవి. ఇచ్చట మన పాఠకులు గమనింపవలసిన విశేషమొకటి కలదు. మూత నొక్కనాడు వేయలేదు. సరఫరాను ఏటేట తగ్గించుచు వచ్చిరి. అలవాటు విడువజాలని వృద్ధులను, రోగులను పేర్లు నమోదు చేయించి వైద్యుని యనుమతిపై కొంత యిచ్చుచుండిరి. ఆ దశాబ్దముననే, అనగా 1953 లో, జాతీయ మలేరియా నియంత్రణ పథకము మొదలిడినది. డి.డి.టి. పిచికారీ చేయువారు మన్యపు గుడిసెలకును పోయిరి. ఒకవైపు దుకాణము మూయబడుచుండగా మఱియొకవైపు జ్వరముపై యుద్ధము సాగినది. నల్లమందుతో నేమి పని యను స్థితి కలుగనిదే నల్లమందు పోదు. మందు లేని చోటికి మత్తు వచ్చును. మందు వచ్చిన చోట మత్తునకు సగము బలము తఱుగును. మా వాదమంతయు నిదియే.

ఇక నేటి సంగతి. 1985 లో మాదకద్రవ్యముల చట్టము వచ్చినది. దొంగవ్యాపారికి కఠినశిక్షలు విధింపబడినవి, అది యుక్తమే. అయితే ఆ చట్టపు చిక్కులవలన క్యాన్సరు రోగి నొప్పికి వైద్యులు వ్రాయవలసిన మార్ఫీనును పెక్కు ఆస్పత్రులలో దొరకకుండ పోయినది. గసగసాలు పండించి లోకమునకు నల్లమందు పంపు దేశమున, సొంత రోగి మార్ఫీను లేక అలమటించెను. 2014 సవరణముచే ఆ ముడి కొంత సడలినది. మత్తుగా వలదన్న వస్తువే మందుగా కావలసియున్నది. నరకుటయొక్కటే తెలిసిన చేతికి ఈ భేదము తెలియదు.

మఱియొకవైపు మత్తు రూపము మార్చుకొన్నది. కేంద్రప్రభుత్వము ఢిల్లీ వైద్యసంస్థచేత చేయించి 2019 లో ప్రకటించిన లెక్కనుబట్టి, దేశమున సుమారు 2 కోట్ల 26 లక్షలమంది నల్లమందు జాతి మత్తులను వాడుచుండిరి. వారిలో సుమారు 77 లక్షలమందికి చికిత్స గాని, సాయము గాని యవసరమని తేలినది. వారిలో పచ్చి నల్లమందు తినువారికన్న హెరాయిను వాడువారును, మందుబిళ్లలను దుర్వినియోగము చేయువారును ఎక్కువ. ట్రమడాల్‌ను 2018 లో ఈ చట్టము క్రిందికి తెచ్చిరి. ఒకదానికి తలుపు మూసినచో వేఱొక బిళ్ల కిటికీలోనుండి వచ్చుచున్నది. గంజాయి వేఱు జాతిది. అది మనస్సును చెఱచును గాని నల్లమందువలె ఊపిరిని నిలుపదు. కాని త్రోవ త్రోవయే. గంజాయి మూట మోయుటకు కూలికి కుదిరిన గిరిజన యువకుని చేతికి, రేపు బిళ్లల పెట్టె యిచ్చుట కెంతసేపు? మోసినవాడు రుచి చూచుట కెంతసేపు?

మత్తు నొక్కసారి త్రుంచుటలోని యపాయమును మన తెలంగాణము 2015 సెప్టెంబరులో కన్నులార చూచినది. కల్లులో నిద్రమందులు కలుపుట పలు జిల్లాలలో మామూలైయుండెను. అధికారులు ఒక్కపెట్టున కల్తీని అరికట్టగా, నిజామాబాదు, మహబూబునగరము జిల్లాలలో వందలకొలది జనులు వడకుచు, పిచ్చిచూపులు చూచుచు, ఆస్పత్రులకు పరుగులెత్తిరి. కొందఱు మరణించిరి. కల్తీ నడచుట తప్పు. దానిని ఆపుట ఒప్పు. కాని ఆపుదినముననే వైద్యుని ఊరూర నిలుపకుండుట ఘోరమైన యేమఱుపాటు. 1949 లో పదియేండ్ల గడువు పెట్టినవారి వివేకము 2015 లో మనకు లేకపోయినది.

ఇపుడు బ్రతికించు ఉపాయమును చెప్పెదము. నల్లమందు జాతి మత్తునకు విరుగుడు కలదు. దానిపేరు నాలాక్సోన్. 1960 ప్రాంతమున అమెరికాలో కనుగొనబడినది. ప్రపంచ ఆరోగ్యసంస్థ అత్యవసర ఔషధముల పట్టికలో చిరకాలముగా నున్నది. మెదడులో మత్తు కూర్చున్న పీటపైనుండి ఇది దానిని త్రోసి తాను కూర్చుండును. సూదిగా గాని, ముక్కులో చల్లి గాని యిచ్చిన కొన్ని నిమిషములలో రోగి ఊపిరి పీల్చుకొనును. దీనికి మత్తు లేదు. దీనివలన వ్యసనము పుట్టదు. ఒకవేళ రోగి నల్లమందు తినలేదని తేలినను, ఇచ్చినందున హాని లేదు. దీనికి హద్దులును కలవు. దీని బలము అరగంట మొదలు గంటన్నర వఱకు మాత్రమే. అది దిగిన వెనుక పాతమత్తు మరల పైబడవచ్చును. కావున ఆస్పత్రికి పోక తప్పదు. కల్తీకల్లులోని నిద్రమందులకిది విరుగుడు కాదు. అట్టియెడల ఊపిరి కాపాడుటయు, వైద్యుని చేర్చుటయు మాత్రమే శరణ్యము.

ప్రపంచ ఆరోగ్యసంస్థవారి లెక్క ప్రకారము 2019 లో లోకమున సుమారు 1,25,000 మంది ఈ మత్తులు మితిమీరి మరణించిరి. ఆ సంస్థయే 2014 లో ఒక మార్గదర్శకమును వెలువరించినది: విరుగుడు ఆస్పత్రి బీరువాలోనేకాక, మత్తు వాడువాని కుటుంబము, స్నేహితులు, గ్రామ సేవకులు మొదలగు వారి చేతిలో నుండవలయునని. ఏలన, ఊపిరి నిలిచినపుడు ప్రక్కనుండువారు వారే. అమెరికాలో సమస్త మత్తుల మితిమీరుటవలని మరణములు 2023 లో సుమారు 1,10,000 కాగా 2024 లో సుమారు 80,000 కు దిగినవి. విరుగుడు విరివిగా పంచుట ఆ తగ్గుదలకు కారణములలో నొకటియని అచ్చటివారు చెప్పుచున్నారు. 2023 మొదలు అది అచ్చట వైద్యుని చీటి లేకయే దుకాణములలో అమ్మబడుచున్నది.

విరుగుడు చేతికిచ్చినచో మత్తు తినువారికి ధైర్య మిచ్చినట్లు కాదా యని కొందఱు పెద్దలు శంకింతురు. పాముకాటు మందు ఆస్పత్రిలో నున్నదని ఎవ్వడైన పుట్టలో చేయి పెట్టునా? బావిచుట్టు గట్టు కట్టుట బావిలో దూకుడని చెప్పుట గాదు. చచ్చినవానికి నీతిబోధ లేదు; బ్రతికినవాడే రేపు మానగలడు. మానదలచినవానికి దారియు కలదు. బ్యుప్రినార్ఫిన్ వంటి మందును వైద్యుని పర్యవేక్షణలో నిత్యము వాడినచో ఆశ అణగి, మనుష్యుడు పనిపాటలు చేసికొనగలడు. జాతీయ ఎయిడ్సు నియంత్రణ సంస్థవారు ఇట్టి కేంద్రములను దేశమున నడుపుచున్నారు. 1959 నాటి పేర్ల నమోదునందలి వివేకమే ఇది. రూపము మాత్రము మెఱుగుపడినది.

మన్యమునకు రెండడ్డంకులు కలవు: దూరము, భయము. దూరము సంగతి చెప్పనక్కఱలేదు. 2005 ఆగస్టు 15 న హైదరాబాదున ప్రారంభమైన 108 బండి తెలుగువారికి గర్వకారణము. కాని వానకాలమున వాగు పొంగినచో బండి ఇవతలి యొడ్డున నిలిచిపోవును. రోగిని డోలీలో మోయవలసివచ్చును. ఊపిరి నిలిచినవానికి నిమిషములే గాని గంటలు లేవు. కావున విరుగుడు వాగు కావలనే యుండవలయును.

భయము దూరముకన్న చెడ్డది. ఆస్పత్రికి పోయిన పోలీసులు వత్తురనియు, కేసు పెట్టుదురనియు తల్లిదండ్రులు బిడ్డను ఇంటనే దాచుదురు. అడవియంచున ఖాకీ బట్ట కనిపించిన జనము తలుపులు మూయుటకు పాతకారణములు పెక్కు కలవు. కాని చట్టమే యొక అభయమిచ్చియున్నది. మాదకద్రవ్యముల చట్టమున 64ఏ సెక్షను కలదు. మత్తునకు లోబడినవాడు స్వయముగా ముందునకు వచ్చి, ప్రభుత్వ ఆస్పత్రిలో గాని, ప్రభుత్వము గుర్తించిన సంస్థలో గాని చికిత్స పొంద నిచ్చగించినచో, మత్తు సేవించిన నేరమునకును, స్వల్పపరిమాణము కలిగియున్న నేరమునకును వానిపై విచారణ నడువదు. చికిత్స సగములో విడిచినచో ఈ రక్షణ పోవచ్చును. అదే చట్టము 71 వ సెక్షనున చికిత్సాకేంద్రముల స్థాపనకు ప్రభుత్వమున కధికారమిచ్చినది. ఇట్టి చట్టమున్నదని మన్యమున నెందఱికి తెలియును? చట్టములోని దండము అందఱికి తెలిసినది; అభయము పుస్తకమునందే మిగిలినది.

కావున మేము కోరునవి ఇవి. మన్యపు ప్రతి ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునందును, ప్రతి 108 బండియందును నాలాక్సోన్ ఎల్లప్పుడు నుండవలయును. గూడెములలోని ఆశా కార్యకర్తలకు మితిమీరిన మత్తు లక్షణములు గుర్తించుట, రోగిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టుట, నోట ఊపిరి నూదుట, విరుగుడు వాడుట నేర్పవలయును. చెఱసాలనుండి విడుదలగు వ్యసనపరునికి పాత మోతాదు ప్రాణాంతకమని చెప్పి, కుటుంబము చేత విరుగుడు పెట్టి పంపవలయును. 64ఏ సెక్షను సారమును తెలుగునను, కోయభాషయందును, సంతలలో చాటింపవలయును. మత్తువిముక్తికై దేశమంతట పనిచేయు 14446 అను ఉచిత దూరవాణి సంఖ్యను ప్రతి పంచాయతీ గోడపై వ్రాయింపవలయును. కొత్తగూడెమున 2022 లోను, ఖమ్మమున 2023 లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. ఆ విద్యార్థులు, ఆచార్యులు గోదావరి దాటి వచ్చి మన్యమున ఈ శిక్షణము నెఱపుట వారి విద్యకును వన్నె తెచ్చును. మత్తు మితిమీరి మరణించినవారి లెక్కను జిల్లాలవారీగా ప్రకటింపవలయును. పట్టుబడిన గంజాయి తూకము ప్రకటించునంత శ్రద్ధ పోయిన ప్రాణములయెడల చూపరాదా?

ప్రభుత్వముమీదనే భారమంతయు వేసి మనము చేతులు కడుగుకొనుట న్యాయము కాదు. ఈ పత్రికను చదువు భూస్వాములను, పురప్రముఖులను మేము సూటిగా నడుగుచున్నాము. మిరపకోతలకును, పత్తితీతకును కొండలనుండి దిగు కూలీకి మనము కూలితోపాటు సారాయి పోయించుట లేదా? నడుము నొప్పి యన్నవానికి చీటి లేని బిళ్లను చేతిలో పెట్టి సాయంకాలము వఱకు పని చేయించుకొనుట లేదా? మందుల దుకాణదారులు వైద్యుని చీటి లేక నొప్పిబిళ్లలు, నిద్రబిళ్లలు పొట్లము కట్టుట లేదా? పరాయిప్రభుత్వము నల్లమందమ్మి పన్ను తీసికొనినదని మనమింతవఱకు నిందించితిమి. ఆ వ్యాపారమున నేడు మన పాలెంతయో ఎవరికి వారు లెక్క చూచుకొనవలయును.

రాజ్యాంగపు 47 వ అధికరణము వైద్యావసరమునకు తప్ప మత్తుపానీయములును, మాదకద్రవ్యములును వాడకుండ చేయుటకు ప్రభుత్వము పాటుపడవలయునని యాదేశించుచున్నది. అదే అధికరణము ప్రజారోగ్యమును మెఱుగుపఱచుట ప్రభుత్వపు ప్రథమకర్తవ్యములలో నొకటియనియు చెప్పుచున్నది. రాజ్యాంగకర్తలు ఆ రెంటిని ఒక్కచోటనే కూర్చిరి. మొదటిదానిని మాత్రమే చదివి రెండవదానిని విడుచుట తగదు. 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చిన స్త్రీలు సారాపై తిరుగబడిరి; మఱుసటి యేట అక్టోబరు 1 మొదలు సారాయి నిషేధింపబడినది. స్త్రీలు నిలిచినచో నెంతటి పని యగునో మనమెఱుగుదుము. మన్యపు స్త్రీలకు నేడు కావలసినది అట్టి పలకాబలపములతోపాటు చేతిలో నొక విరుగుడు సీసా.

ఊపిరి నిలిచినవాని ప్రక్క కూర్చున్న తల్లికి చట్టపు సెక్షనులు, దేశదేశముల లెక్కలు అక్కఱలేదు. నాలుగు నిమిషములలో ఎవరో యొకరు వచ్చి బిడ్డ నోట ఊపిరి నూది, ముక్కులో మందు చల్లవలయును. ఆ యొకరు పదిమైళ్ల దూరమునుండి రాలేరు. ఆ గూడెములోనివారే కావలయును. నాడు మన్యమునకు క్వినైనుకన్న ముందు నల్లమందు చేరినది. నేడైనను మత్తుకన్న ముందు మందు చేరునట్లు చూచుట స్వరాజ్యమునకు తగిన పని.